మార్లో ‘ఎడ్వర్డ్ 2’ నుంచి 20 నిమిషాల తెలుగు సినిమా: ఏది ఉంచాలి, ఏది కోయాలి?

గజపతి_రంగం (పర్లాకిమిడి):
క్రిస్టఫర్ మార్లో చారిత్రక నాటకం ‘ఎడ్వర్డ్ 2’ను తెలుగులో చిన్న సినిమాగా తీయాలని మా నాటక బృందం ఆలోచన. 1991లో డెరెక్ జార్మన్ దీన్నే స్వలింగ ప్రేమకథగా తీసిన క్వియర్ సినిమా అందరం చూశాం. కోటల్లేవు, గుర్రాల్లేవు, బోసి గోడలూ మట్టినేలే. అయినా ఎక్కడా వెలితి లేదు. మా దగ్గర రేకుల కప్పు ధాన్యం గోడౌను, ఒక కెమెరా, రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఏడుగురు నటులు ఉన్నారు. అంత నాటకాన్ని ఎలా కోయాలి? పద్యనాటకానికి అలవాటుపడ్డ గొంతులతో ఏ తెలుగు పలికించాలి? రాజు ఎడ్వర్డ్‌కూ అతని ప్రియుడు గేవ్‌స్టన్‌కూ మధ్య ప్రేమ మన సినిమాల వెకిలి కామెడీలోకి జారకుండా ఏం చేయాలి?

కత్తెర (బరంపురం):
20 నిమిషాల్లో మాటలకు దక్కేది 13 నిమిషాలు. నిమిషానికి 15 పంక్తులు వేసుకున్నా 200 దాటవు. మూలంలో రెండున్నర వేలకు పైనే ఉన్నాయి. కాబట్టి అక్కడో మాట ఇక్కడో మాట తగ్గిస్తే సరిపోదు, పాత్రలకు పాత్రలే పోవాలి. బాల్డాక్, స్పెన్సర్ తండ్రి, ఫ్రాన్స్ వ్యవహారం తీసేయండి. జార్మన్ కథను చెరసాలలో ఉన్న రాజుతో మొదలుపెట్టి మిగతాదంతా జ్ఞాపకంగా నడిపాడు. ఆ ఏర్పాటు మీకూ పనికొస్తుంది, ఎందుకంటే జ్ఞాపకంలో ఏ దృశ్యం నుంచి ఏ దృశ్యానికి దూకినా ఎవరూ అడగరు.

రాణి ఇసబెల్లా తొలి సగం మాత్రం కోయకండి. అందరూ చేసే పొరపాటు అదే. మొగుడి కోసం ఆమె ప్రాధేయపడటం చూపించకపోతే చివరికి ఉత్త విలన్ మిగులుతుంది. టిల్డా స్వింటన్‌కు వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి తెచ్చిన పాత్ర అది.

ఒకదాని పక్కన ఒకటి వచ్చే రెండు మాటలు కూడా ఉండాలి. కులీనుల్లో ఒకడైన పెద్ద మార్టిమర్ అంటాడు: అలెగ్జాండర్‌కు ప్రియుడు హెఫెస్టియన్ లేడా, గొప్ప రాజులందరికీ ఇలాంటివాళ్లున్నారు, కుర్రాణ్ణి వదిలేయండి అని. దానికి చిన్న మార్టిమర్ జవాబు: రాజు సరదాతో నాకు పేచీ లేదు, పుట్టుక తక్కువవాడు ఇంత ఎగిరిపడటమే సహించను. ఇవి పోతే కులీనుల కడుపుమంట ఎక్కడిదో తెలియదు. గేవ్‌స్టన్ టోపీలో కిరీటం కంటే ఖరీదైన రత్నం ఉందని కూడా అతను అక్కడే ఏడుస్తాడు. మీ దుస్తుల ఖర్చంతా ఆ ఒక్క టోపీ మీద పెట్టండి. మిగతావాళ్లకు కోటూ ప్యాంటూ చాలు, జార్మన్ చేసిందీ దాదాపు అదే.

వాడుక_భాష (జయపురం):
గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరివాళ్లే ఏ తెలుగు అని అడుగుతున్నారా! పాత్రను బట్టి భాష పెట్టడం మనకు కొత్త కాదు, వేదం వెంకటరాయశాస్త్రి 1897లోనే ‘ప్రతాపరుద్రీయం’లో చేశారు. కులీనులకు గ్రాంథికం, గేవ్‌స్టన్‌కు శ్రీకాకుళం వీధి మాట. కబురు తెచ్చేవాడు ఒడియా మాట్లాడినా మన ప్రాంతంలో ఎవరికీ అడ్డు రాదు. రాజు మాత్రం సభలో ఒకలా, ప్రియుడి దగ్గర అతని యాసలో పలకాలి. ముద్దు కంటే ముందు ప్రేక్షకుడికి ప్రేమ తెలిసేది అక్కడే.

రాగం తీయనివ్వకండి. స్టేజీ మీద చప్పట్లు తెచ్చే ఆలాపన క్లోజప్‌లో ముఖాన్ని గడ్డకట్టిస్తుంది. ఒక్క పద్యం ఉంచండి, అదీ రాజు, గేవ్‌స్టన్‌ల వీడ్కోలులో. జార్మన్ అక్కడ యానీ లెనాక్స్‌తో కోల్ పోర్టర్ పాట పాడించాడు. ఆ రికార్డింగ్ జోలికి పోవద్దు, దాని హక్కులు ఇంకా ఉన్నాయి, యూట్యూబ్ వెంటనే పట్టుకుంటుంది. మార్లో నాటకానికి హక్కుల బెడద లేదు గానీ ఇప్పటివాళ్ల అనువాదాలకు ఉంటుంది. మూలం నుంచే రాసుకోండి.

యాభై_హెర్ట్జ్ (రాయగడ):
రేకుల గోడౌనంటే శబ్దమే మీ శత్రువు. ఎండకు రేకులు సాగి టపటపమంటాయి, పొద్దుగూకాక చల్లారేటప్పుడూ అంతే. రాత్రి 9 దాటాకే మొదలుపెట్టండి. కెమెరాకు కనబడని మూడు వైపులా బొంతలు, గోనెపట్టాలు వేలాడదీయకపోతే ప్రతి మాటా బావిలోంచి వచ్చినట్టుంటుంది. ప్రతి దృశ్యం తర్వాత ఎవరూ కదలకుండా 30 సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి.

ఫ్రేమ్ రేటు సెకనుకు 25, షట్టర్ సెకనులో 50వ వంతు. ఫ్రేమ్ రేటు 24, షట్టర్ 60వ వంతు పెడితే చవక ఎల్‌ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటుకు మిణుకుతాయి. నటులు గోడకు రెండు మీటర్లు ఎడంగా ఉండాలి, లైటు ఒక పక్క నుంచే రావాలి. అప్పుడు నీడ గోడ మీద కాకుండా నేల మీద పడి, గది ఎంత పెద్దదో తెలియదు. మట్టినేల మీద నీళ్లు చిలకరించండి, ధూళి లేవకుండా ఉంటే చాలు. బురదైతే వైర్లతో ప్రమాదం.

గజపతి_రంగం:
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. మూడో ప్రశ్న సగమే తేలింది. ముగింపు మాటేమిటి? రాజును కాల్చిన ఇనుప చువ్వతో చంపారంటారే, దాన్ని చూపించాలా?

కత్తెర:
చూపించినా వాడనవసరం లేదు. మార్లోలో హంతకుడు లైట్‌బోర్న్ చువ్వ కాల్చి ఉంచమంటాడు, బల్లా పరుపూ అడుగుతాడు. తీరా చంపేటప్పుడు బల్ల వేసి తొక్కమని మాత్రమే ఉంది. ఆ చువ్వ కథను ఈనాటి చరిత్రకారులు ఎక్కువమంది నమ్మరు. జార్మన్ సినిమాలో రాజుకు ఆ చావు ముందు పీడకలలా కనబడుతుంది, తర్వాత లైట్‌బోర్న్ చువ్వను నీళ్లలో పారేసి రాజును ముద్దు పెట్టుకుంటాడు. మీరు దాన్నే దించితే కాపీ అంటారు. మార్లోలోనే ఉన్న మరో దారి చూడండి: మురుగునీళ్లలో నిలబడి, నిద్రపోతే చంపేస్తారని రెప్ప వేయడానికి భయపడే రాజు. అక్కడ ఆపినా కథ పూర్తవుతుంది.

కామెడీ సంగతంటారా, ఇద్దరూ దగ్గరైన ప్రతిసారీ మూడోవాడి ముఖానికి కట్ చేయడం మానండి. మన సినిమాల్లో నవ్వు పుట్టేది ఆ కట్‌లోనే. చేతులు ఎక్కడ, ఎంతసేపు అన్నది రిహార్సల్‌లోనే తేల్చుకోండి, షూటింగ్‌లో కొత్తగా ఏదీ వద్దు. ఆ రోజు అవసరమైన నలుగురు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు. స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చట్టంతో పేచీ లేదు గానీ, చిన్న ఊళ్లో చుట్టాల నోళ్లు వేరు. పేరు, ముఖం ఎక్కడెక్కడ కనబడొచ్చో ఒక్కొక్కరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. హాల్లో టికెట్ పెట్టి వేస్తే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఒడిశావాళ్లకు దగ్గర్లో ఉన్న ప్రాంతీయ కార్యాలయం కటక్.