చాదస్తం అనవచ్చా?

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఓసీడీ అనే మానసిక జబ్బుకు మనం వాడే ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి. వద్దన్నా ఒకే ఆలోచన పదేపదే రావడం, దాని బాధ తగ్గడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం ఈ జబ్బు. తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసినా, కడిగిన చెయ్యే మళ్లీ కడిగినా మా ఇళ్లలో ‘చాదస్తం’ అనేస్తాం. దీనికి మూలం ఛాందసం. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. చదివినదాన్నే పట్టుకుని లోకరీతి చూడనివాడు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. చాదస్తపు మనిషికి తాను చేసేదే సరైనదని గట్టి నమ్మకం. ఓసీడీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ నమ్మకం ఉండదు. అర్థం లేని పని అని తెలుసు, అయినా మానలేరు. అందుకే ఆ మాట ఇక్కడ తప్పు అంటాను.

మా పిన్ని సంగతి చెబుతాను, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆదివారం వస్తే అరసవల్లి వెళ్లే మనిషి ఉన్నట్టుండి మానేసింది. ఎందుకో ఏళ్ల తర్వాత చెప్పింది. సూర్యనారాయణస్వామి ఎదుట నిలబడగానే మనసులో బూతులు వస్తున్నాయట. "నోట రాలేదు బాబూ, మనసులో వస్తన్నాయి. నాను పాపిష్టిదాన్నా?" అని ఏడ్చింది. వచ్చిన ప్రతిసారీ ‘క్షమించు స్వామీ’ అని 108 సార్లు లోపలే అనుకునేది. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. పైకి ఏమీ కనబడదు కాబట్టి ఆమెను చాదస్తం అన్నవాళ్లు కూడా లేరు.

జవాబు (విజయనగరం, నర్సు):
మాస్టారూ, మా దగ్గరికి వచ్చేవాళ్లు ‘అనుమానం జబ్బు’ అంటారు. అదీ చిక్కే. పెళ్లాం మీద అనుమానం, గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం, రెండింటికీ మనకు ఒకటే మాట. మొదటిది ఎదుటివాళ్ల మీద, రెండోది తన మీద తనకే. ఓసీడీలో ఉండేది రెండోది. మైల అంటిందని కడగడం, వస్తువులు సమంగా లేకపోతే స్థిమితం లేకపోవడం అందరికీ తెలిసినవే. పిన్నిగారికి వచ్చినలాంటివి బయటపడవు. కొందరు బాలింతలకు ‘బిడ్డను నేనే పడేస్తానేమో’ అని వస్తుంది. ఆలోచన వచ్చిందని ఆ పని చేస్తారని కాదు. అది వాళ్లకే అసహ్యం, అందుకే అంత భయం. దయచేసి అలాంటి తల్లిని తిట్టకండి. పాత సామాను పారేయలేకపోవడాన్ని కూడా ఇందులోనే కలిపేవారు, 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ దాన్ని వేరే జబ్బుగా విడదీసింది.

దీనికి మందులున్నాయి. భయపెట్టేదానికి కొద్దికొద్దిగా ఎదురునిలిచి, కడగడం, సరిచూడటం ఆపే అభ్యాసం కూడా చేయిస్తారు. మందు గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు, చాలామంది ఈలోపే మానేస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా జవాబు:
అనుమానం గురించి మీరు చెప్పింది నాకు తట్టలేదమ్మా. నాకైతే ‘పట్టుకోవడం’ దగ్గరగా ఉంది. చాదస్తంలో మనిషి ఆచారాన్ని పట్టుకుంటాడు. ఇక్కడ ఆలోచనే మనిషిని పట్టుకుంటుంది, బెంగ పట్టుకున్నట్టు. ఇంగ్లీషు ‘అబ్సెషన్’కు కూడా లాటిన్ మూలంలో ముట్టడి అనే అర్థం.

డాక్టరుగారు ఆ లెక్క ఆపించాక పిన్ని మళ్లీ గుడికి వెళుతోంది. ఆ బూతులు ఇప్పుడు రావడం లేదా అని మొన్న అడిగాను.

"వస్తన్నాయి బాబూ. లెక్కెట్టడం మానేసినాను."