సమస్య: కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

తేలికే అనిపిస్తుంది కానీ మెలిక అంతా 'ఎల్ల'లో ఉంది. కన్ను అప్పుడప్పుడు మోసపోతుందంటే ఎవరూ కాదనరు. చూసినదంతా అబద్ధమంటేనే చిక్కు. ఒప్పిస్తారో విరుస్తారో మీ ఇష్టం. త్రాడు-పాము, ఎండమావి మాత్రం వద్దు, బాగా అరిగిపోయాయి.

అలలు:
నీటిలోన ముంచ నిలువు కఱ్ఱయు వంగు
తీసి చూడ మరలఁ దిన్న నగును
ఏది నిజము చెప్ప నెవ్వరి తరమయ్య
కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

గీటురాయి:
అలలు గారూ, నడక బాగుంది, యతులు కుదిరాయి. రెండు అభ్యంతరాలు. నిలువుగా ముంచిన కఱ్ఱ వంగినట్టు కనబడదు, పొట్టిదైనట్టు కనబడుతుంది. బకెట్లో స్కేలు పెట్టి ఇప్పుడే చూసి వచ్చాను. వంగాలంటే ఏటవాలుగా ముంచాలి. రెండోది ఇంకా పెద్దది. 'ఏది నిజమో చెప్పలేం' అని మూడో పాదంలో చేతులెత్తేసి, నాలుగో పాదంలో 'అంతా అబద్ధం' అని తేల్చేశారు. తెలియనిది అబద్ధం ఎలా అవుతుంది?

నిర్వాహకుడు:
మొదటిదానికి ఒక సవరణ: "నీట నేటవాలు నిలుపఁ గఱ్ఱయు వంగు". రెండోది అలలు గారే తేల్చుకోవాలి. నా మాటా ఒకటి. అక్కడ వంగింది కఱ్ఱ కాదు, దాన్నుంచి వచ్చే వెలుగు. నీటి వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.33. అందుకే పైనుంచి చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులే అనిపిస్తుంది. వెలుగు ఎలా వచ్చిందో కన్ను అలాగే చెప్పింది. ఏటవాలుగా ముంచిన కఱ్ఱ నీళ్ళలో కూడా తిన్నగా కనబడితే, అప్పుడు వెళ్ళాలి కంటి డాక్టరు దగ్గరికి!

కొత్తపలక:
మొదటిసారి రాస్తున్నాను, కాస్త టెన్షన్‌గానే ఉంది. తప్పులుంటే దిద్దండి.

పుట్టు చందమామ పున్నమి వేళలో
పెద్దదగును నడుమఁ బిన్న యగును
వేలు చాచి చూస్తే వెడలుపు నొక్కటే
కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

గీటురాయి:
'చూస్తే' రెండు గురువులు, ఇక్కడ రావలసిన సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. గణభంగం. 'చూస్తె' అని కుదిస్తే గణం నిలబడుతుంది కానీ గ్రామ్యం. 'చూడ' అనండి, రెండూ తీరతాయి. తొలి పద్యానికి ఇది చాలా మంచి ఊహ.

నిర్వాహకుడు:
ఊహే కాదు, పరీక్ష కూడా. చంద్రబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పు. చెయ్యి బాగా చాస్తే చిటికెనవేలు సుమారు ఒక డిగ్రీ. అంచున ఉన్నప్పుడు పళ్ళెమంత అనిపించినా, నడినెత్తికి వచ్చాక చిన్నబోయినా, రెండుసార్లూ వేలిలో సగమే. కానీ కొత్తపలక గారూ, వేలు పెట్టి కొలిచింది ఎవరు? కన్నే కదా! కంటి తప్పు పట్టడానికి మళ్ళీ కంటినే సాక్షిగా పిలిచారు. సాక్షి మాట నమ్మి తీర్పు రాసి, ఆ తీర్పులో సాక్షినే అబద్ధాలకోరు అన్నట్టుంది. అలలు గారి పద్యంలోనూ ఇదే తంతు. తీసి చూశాకనే కదా తిన్నగా ఉందని తెలిసింది.

(మరో ముగ్గురు 'కల' దారి పట్టారు. కల-కల్ల జోడీ చెవికి ఇంపే. కలగనేటప్పుడు కన్ను మూసే ఉంటుంది, 'కంటఁ గనినది' ఎలా అవుతుంది? ఆ పూరణలు పక్కన పెట్టాను.)

మూడోకన్ను:
మీ సాక్షి మాట పట్టుకునే రాశాను.

కల్ల యనుచుఁ దెలిసెఁ గంటితోఁ జూచియే
కన్ను లేక యెట్లు కనుగొనెదవు
తీర్పు తనదె కాదె తెలివి యెట్లనునయ్య
కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

కొత్తపలక:
'కనుగొనెదవు' అద్భుతం. తెలుసుకోవడం అనే మాటలోనే కన్ను ఉందని ఇప్పటిదాకా గమనించలేదు.

గీటురాయి:
సమస్యను తెలివి నోట పెట్టి విరవడం మంచి ఎత్తు. చార్వాకుడు ఉంటే భుజం తట్టేవాడు, ఆయనకు ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలిసేది) తప్ప వేరే ప్రమాణమే లేదు. అయినా ఒప్పుకోను. కన్ను నిర్దోషి, తప్పంతా తెలివిదే అనడం మరీ సులువు. న్యాయసూత్రాల్లో గౌతముడు ప్రత్యక్షానికి లక్షణం చెబుతూ 'అవ్యభిచారి' అనే మాట చేర్చాడు. ఇంద్రియం వస్తువును తాకినంత మాత్రాన చాలదు, ఆ జ్ఞానం తప్పిపోకూడదు అని. సాంఖ్య దర్శన గ్రంథం సాంఖ్యకారిక ఇంకా నయం. ఉన్న వస్తువు కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు లెక్కపెట్టింది: మరీ దూరం, మరీ దగ్గర, ఇంద్రియ లోపం, మనసు నిలవకపోవడం, అలా. వాటిలో మనసుది ఒకటే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పట్టలేని కంటి విషయంలో తెలివి ఏం చేస్తుంది? అందిన సాక్ష్యమే తక్కువ.

వెన్నెలదారి:
గీటురాయి గారి 'ఇంద్రియ లోపం' అందరి కళ్ళలోనూ ఉంది.

మచ్చ యొకటి గలదు మన కంటిపొరలోన
అచటఁ బడిన దెల్ల నగపడదుర
ఖాళి నింపు మనసు కల్పించి యాచోట
కంటఁ గనినదెల్ల కల్ల సుమ్ము

నరాల కట్ట బయటికి వెళ్ళే చోట కంటిపొరలో వెలుగును పట్టే కణాలు ఉండవు. మరియొట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1660లలో కనిపెట్టాడు. కాగితం మీద ఎనిమిది సెంటీమీటర్ల ఎడంతో పక్కపక్కన రెండు చుక్కలు పెట్టండి. కుడికన్ను మూసి, ఎడమకంటితో కుడిచుక్కనే చూస్తూ కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. ఒక అడుగు దూరంలో ఎడమచుక్క మాయం! అక్కడ చిల్లేమీ కనబడదు, తెల్లకాగితమే కనబడుతుంది.

గీటురాయి:
'ఆచోటన్' ద్రుతాంతం, అంటే 'న్'తో ముగిసే మాట. దాని తర్వాత 'క' 'గ' అవుతుంది కాబట్టి 'గంట' రావాలి. ఇచ్చిన పాదాన్ని మార్చకూడదు కాబట్టి వదిలేస్తున్నాను.

నిర్వాహకుడు:
నేను వదిలేయడం కాదు, ఆ 'యాచోట'కే మార్కులు వేస్తున్నాను. 'ఎల్ల'ను లోకమంతటి నుంచీ తెచ్చి ఒక్క మచ్చలో కూర్చోబెట్టారు. ఆ చోట కనబడినదంతా కల్పనే, మాట మాటకీ నిజం. మూడోకన్ను గారిది సమస్యను విరిచిన పద్యం, ఇది నిలబెట్టిన పద్యం. ఈ వారం నా ఓటు దీనికే. 'ఖాళి' బదులు అచ్చమైన మాట దొరికితే ఇంకా బాగుండేది.

కొత్తపలక:
చుక్క మాయమైంది! నాలుగుసార్లు చూశాను. ఐదోసారి రెండు చుక్కల మీదుగా గీత గీసి చూస్తే, గీత తెగకుండా సాగింది, చుక్క మాత్రం లేదు. పద్యంలో 'చూడ' కూడా దిద్దుకున్నాను.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి చెవి సంగతి. మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు: 'బ' అనే ధ్వని వినిపిస్తూ, 'గ' అంటున్న పెదవులను చూపిస్తే చాలామందికి 'ద' అని వినబడుతుంది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ'. మళ్ళీ ఆటవెలదే:

కన్ను నమ్మి చెవియుఁ గల్ల వినెను