అప్‌డేట్: గ్రూపు లోను 12 శాతమే అన్నారు, లెక్క తేలింది

మైక్రోఫైనాన్స్ సంస్థ ఇచ్చే గ్రూపు లోను గురించి ఒకరు అడిగింది ఇది: 40,000 లోను, 24 నెలలు, నెలకు 2,067 కిస్తీ, వడ్డీ 12 శాతం. నిజంగా అంతేనా?

కాదు. అది ఫ్లాట్ లెక్క. 40,000 మీద రెండేళ్లకు 9,600 వేసి 24తో భాగించారు. 12 కిస్తీలు కట్టేసరికి అసలు బాకీ 22 వేల దగ్గరికి దిగుతుంది, వడ్డీ మాత్రం 40 వేల మీదే నడుస్తుంది. ఎక్సెల్‌లో రేట్ (RATE) ఫార్ములాకు 24, మైనస్ 2067, 40000 ఇచ్చి 12తో గుణిస్తే దాదాపు 21.6 శాతం. ఊరి లెక్కలో నూటికి రూపాయి కాదు, రూపాయి ఎనభై పైసలు. ఫీజు, బీమా కింద ముందే వెయ్యి పట్టుకుంటే 40000 బదులు 39000 వేయాలి. అప్పుడు 24 దాటుతుంది, అంటే రెండు రూపాయల వడ్డీ. చాలామంది తప్పేది ఇక్కడే, చేతికొచ్చిన మొత్తం కాకుండా కాగితం మీది అంకె వేస్తారు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ఫ్యాక్ట్‌షీట్‌లో, అంటే లోను ఖర్చుల వివరాల కాగితంలో, రాసివ్వాలి. సంతకానికి ముందు అదే అడగండి. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు. ఆలస్య రుసుం ఆగిన కిస్తీ మీదే, మొత్తం లోను మీద కాదు. ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెలాదాయంలో సగం దాటకూడదు. ఇది కాగితం మీదే మిగిలిపోతోంది, ఆదాయం కాలమ్ ఏజెంటే నింపేస్తే పట్టుకునేదెవరు?

వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. సంస్థకు రాసిచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు; లోన్ కార్డు నకలు జతచేయండి.