పత్తి కట్టె బయోచార్: చేనుకూ నీటికీ ఒకటే సరిపోతుందా?

చల్క నేల (ప్రశ్న):
నేను హైదరాబాదులో ఉంటున్నాను. మా పొలం చేవెళ్ల వైపు, ఎర్ర చల్క. పత్తి ఏరడం అయ్యాక కట్టెను చేలోనే తగలబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. దానిని బయోచార్‌గా, అంటే గాలి అంతగా తగలకుండా కాల్చిన బొగ్గుగా మార్చి, కొంత చేనుకు వేసి, మిగిలినదానితో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని వడగట్టాలని ఆలోచన. ఒకే బొగ్గు రెండింటికీ పనికొస్తుందా?

భూసారం:
చేను వరకు నేను చెప్పగలనండి. బాగా ఎండిన కట్టెను గాలి అంతగా తగలకుండా 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి చేస్తే, బరువులో సుమారు పావు నుంచి మూడో వంతు వరకు బొగ్గుగా మిగులుతుంది. బయట తగలబెడితే పొగగా పోయే కర్బనంలో దాదాపు సగం అందులో నిలిచి, నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. తక్కువ వేడిలో చేసిన బొగ్గు ఎక్కువ మిగలడమే కాక పోషకాలను పట్టి ఉంచే గుణమూ చూపుతుంది కనుక, నీరు నిలవని చల్కకు నేను అదే ఎంచుకుంటాను. అయితే తాజా బొగ్గు నేలలోని నత్రజనిని కొంతకాలం తానే పట్టుకోవచ్చు. కాబట్టి పశువుల ఎరువులో కలిపి కొన్ని వారాలు మాగనిచ్చాకే వేయాలి. ఇది క్షారగుణం గలది, అందుచేత ఇప్పటికే క్షారత ఉన్న నల్లరేగడికి ఇదే సలహా ఇవ్వను. సంతోష్‌నగర్‌లోని క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ) ఇనుప డ్రమ్ముతో తక్కువ ఖర్చు బట్టీని రూపొందించింది. మొదలుపెట్టే ముందు దానిని చూసి రండి.

నీటి పరీక్ష:
నీటి విషయంలో మాత్రం మీ ఆలోచన అలాగే నడవదు. నీటిలో ఫ్లోరైడ్‌కు రుణావేశం ఉంటుంది; మామూలు బయోచార్ ఉపరితలానికి కూడా సాధారణంగా రుణావేశమే, కనుక అవి పరస్పరం వికర్షిస్తాయి. ధనావేశం గల సీసం, కాడ్మియం వంటివాటిని, కొన్ని రంగులను, పురుగుమందులను అది బాగానే పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ కోసం ఉపరితలానికి అల్యూమినియం లేదా ఇనుము లవణాల పూత వేస్తారు గానీ, ఆ పూత నీటిలోకి కరుగుతోందేమో పరీక్షించకుండా ఇంట్లో తాగడానికి వాడకూడదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు కూడా 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రమాణం. ముందు మీ బోరు నీటిని పరీక్ష చేయించండి.

చల్క నేల:
చాలా స్పష్టంగా చెప్పారు. మరి వడపోతలో వాడిన బొగ్గును తరువాత చేనుకు వేయవచ్చా?

నీటి పరీక్ష:
వద్దండి. లోహాలను పట్టుకున్న బొగ్గును మడిలో వేస్తే, నీటిలో నుంచి తీసిన విషాన్ని నేలకు అప్పగించినట్టే.