ఫాదర్ల ఐటీఐలో మొదటి ఏడాది: మీ పిల్లల అనుభవాలు చెప్పండి

చీపురుపల్లి_నాన్న
అందరికీ నమస్కారం. మా అబ్బాయి పోయిన ఏడాది చర్చి ఫాదర్లు నడిపే ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరాడు. పదో తరగతి లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కినవాడు. ఇంటర్‌లో వెయ్యమని మా బావగారు, వద్దని స్కూలు మాస్టారు. రెండు నెలలు ఇంట్లో ఇదే గొడవ. చెప్పేవాళ్లు లేక నేను చాలా టెన్షన్ పడ్డాను. మొన్నే మొదటి ఏడాది పరీక్షలయ్యాయి. ఈసారి చేర్చబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట్లో వారాల తరబడి వాడు చేసింది ఒకటే పని. ఇనప ముక్కని వైస్‌లో బిగించి ఆకురాయి పట్టడం. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు చూస్తే అరచేతుల్లో బొబ్బలు ఎండి కాయలు కాసి ఉన్నాయి. వాళ్లమ్మ ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఏటి నేర్పుతున్నారయ్యా? మట్టి పనికి పంపినా ఇంతే కదా" అంది. వాడు ఏమీ మాట్లాడకుండా పక్కింటి వడ్రంగి దగ్గరికెళ్లి మూలమట్టం అడిగి తెచ్చాడు. సంచిలోంచి అగ్గిపెట్టంత ఇనప ముక్క తీసి, దాని అంచుకి మూలమట్టం ఆనించి ట్యూబ్‌లైట్‌కేసి ఎత్తి పట్టుకున్నాడు. "నాన్నా, సందులోంచి వెలుగు కనిపిస్తోందా?" అన్నాడు. నాకు కనిపించలేదు. "మొదటి ముక్కకి దారమంత వెలుగొచ్చేది" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు బెంగ తగ్గింది. మీ పిల్లల సంగతి కూడా రాయండి.

రణస్థలం_ఫిట్టర్
చీపురుపల్లి గారూ, మీ అబ్బాయికి నా శుభాకాంక్షలు. నేను కూడా ఫాదర్ల దగ్గర చదివినవాణ్ణే. ఇప్పుడు పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఆ ఆకురాయి పని ఎందుకో నాకూ అప్పుడు తెలియలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసింది. రాత్రి షిఫ్టులో పంపు ఆగిపోయింది. షాఫ్టుకీ కప్లింగ్‌కీ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఇనప ముక్క, దాన్నే 'కీ' అంటాం, అది అరిగిపోయింది. కొత్త కీని ఆకురాయితో రుద్ది, పెట్టి చూసి, మళ్లీ రుద్ది కూర్చోబెట్టాలి. వదులైతే కొన్నాళ్లకే కొట్టుకుపోతుంది, మరీ బిగువైతే తర్వాత ఊడిరాదు. ఎంత రుద్దాలో చేతికి తెలియాల్సిందే.

ఇంకో మాట. మా వర్క్‌షాప్‌లో గోడకి ఒక పెద్ద బోర్డు ఉండేది. సుత్తి, స్పానరు, హ్యాక్‌సా, దేని ఆకారం దానికి రంగుతో గీసి ఉండేది. సాయంత్రం ఎక్కడి సామాను అక్కడ తగిలించాకే గంట కొట్టేవాళ్లు. ఒకసారి ఇనుము మీద చుక్క గుర్తు కొట్టే సెంటర్ పంచ్ ఒకటి కనిపించక అరవై మందిమి నేల మీద కూర్చుని వెతికాం. బ్రదర్ గారు కూడా మాతోపాటు మోకాళ్ల మీద వంగి వెతికారు. తిట్టలేదు. ఇప్పటికీ పని అయ్యాక నా చెయ్యి తనంతట తనే సామాను లెక్కపెట్టుకుంటుంది.

పలాస_జీడితోట
మా అమ్మాయిది ఎలక్ట్రీషియన్ ట్రేడు, మొదటి ఏడాది అయింది. వాళ్ల బ్యాచిలో ఆడపిల్లలు ముగ్గురే. చేర్పించేటప్పుడు మా అత్తగారు "ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా" అని బాధపడ్డారు.

ఆ కోరిక మా పిల్లకి ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు అది నాలుగో తరగతి. మా ఊళ్లో జీడి చెట్లు, కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ నేలకొరిగాయి. రోజుల తరబడి దీపాల వెలుగే. బయట జిల్లాల నుంచి లైన్‌మెన్ వచ్చి పని చేస్తుంటే ఈ పిల్ల పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడేది. మా వీధికి కరెంటు వచ్చిన రాత్రి అందరం చప్పట్లు కొట్టాం.

సంక్రాంతి సెలవులకి వచ్చి మెట్ల దగ్గర రెండు స్విచ్చుల లైటు తనే బిగించింది. కింద వేస్తే పైన ఆపుకోవచ్చు. వేసవిలో ఇంటి వెనక ఎర్తింగ్ గొయ్యిలో బిందెడు నీళ్లు పోస్తుంటే ఎందుకే అని అడిగాను. "మట్టి ఎండిపోతే కరెంటు భూమిలోకి సరిగా దిగదమ్మా, షాక్ కొట్టేది మనకే" అంది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాం, ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

నాగావళి_ఒడ్డు
మా తమ్ముడి కొడుకుని చేర్పిద్దామనుకుంటున్నాం. మేం హిందువులం. అక్కడ పిల్లల్ని ప్రార్థనలకి బలవంతం చేస్తారా? తప్పుగా అనుకోకండి, ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు.

జోజప్ప_పేట
ఇందులో తప్పేముందండీ, అడగాల్సిందే. మేం క్యాథలిక్కులం. మా అబ్బాయి హాస్టల్లో ఉండేవాడు. క్యాథలిక్ పిల్లలకి చర్చిలో పూజ, జ్ఞానోపదేశం ఉండేవి. మిగతా పిల్లలకి ఆ సమయంలో నీతి పాఠం. పొద్దున్నే అసెంబ్లీలో ప్రార్థనకి మాత్రం అందరూ నిలబడతారు. మే 1న శ్రామికుడైన పునీత జోజప్ప పండుగ చేస్తారు. ఏసు ప్రభువుని పెంచిన తండ్రి ఆయన, వడ్రంగి కదా, పని నేర్చుకునే పిల్లలకి ఆయనే ఆదర్శం. దసరాకి ముందు పిల్లలంతా మెషీన్లు తుడిచి నూనె పెడితే ఎవరూ వద్దనలేదు.

ఫాదర్లు ఈ పని ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్పాలి. ఇటలీలో 1815లో పుట్టిన పునీత జాన్ బోస్కోకి రెండేళ్ల వయసులోనే తండ్రి పోయారు. టూరిన్ పట్నంలో పని కోసం వచ్చి వీధుల పాలైన పిల్లల్ని ఆయన చేరదీశారు. పనిలో పెట్టేటప్పుడు యజమానులతో కాగితం రాయించుకునేవారు. పని నేర్పాలి, కొట్టకూడదు, పండగ రోజు సెలవివ్వాలి అని. 1853లో చెప్పులు కుట్టే పని, బట్టలు కుట్టే పని తన దగ్గరే మొదలుపెట్టారు. ఆయన స్థాపించిన సలేషియన్ సభ ఫాదర్లు 1906లో మన దేశానికి వచ్చారు. అన్ని ఐటీఐలూ వాళ్లవే కావు, వేరే సభలవాళ్లూ నడుపుతారు. కానీ కొట్టకుండా నేర్పాలన్న ఆ మాట నాకు చాలా ఇష్టం.

బొబ్బిలి_అన్న
నాది చేదు అనుభవం. మా తమ్ముణ్ణి దగ్గర్లో ఉందని వేరే ఒక ప్రైవేటు ఐటీఐలో వేశాం. ఫాదర్లది కాదు. హాజరు కాగితం మీదే, లేత్ మెషీన్ మీద గుడ్డ కప్పి ఉండేది. సర్టిఫికెట్ వచ్చింది. అప్రెంటిస్ ఎంపికకి వెళ్తే, మిల్లీమీటరులో భాగాల్ని కూడా కొలిచే వెర్నియర్ చేతికిచ్చి కొలత చెప్పమన్నారు. చెప్పలేకపోయాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. వాడి తప్పేమీ లేదు, చూడకుండా చేర్చింది నేను.

అందుకే చెప్తున్నాను, చేర్చే ముందు ఆఫీసులో కూర్చుని ఫీజు మాట్లాడి వచ్చెయ్యకండి. వర్క్‌షాప్ చూపించమనండి. నేల మీద, వైసుల కింద ఇనప రజను ఉందా? పిల్లల గోళ్లలో గ్రీజు ఉందా? గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు తగిలించి ఉన్నాయా?

నెల్లిమర్ల_వెల్డర్
వెల్డర్ ట్రేడు ఒక్క ఏడాదే. ఇంట్లో త్వరగా డబ్బు అవసరమైన పిల్లలకి మంచిది. కానీ కళ్లు జాగ్రత్త. పక్కవాడి ఆర్క్, అంటే వెల్డింగ్ మెరుపు, ఒట్టి కళ్లతో చూస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టే.

వర్క్‌షాప్_మాస్టారు
బొబ్బిలి అన్న చెప్పిన గుర్తులు నూటికి నూరు పాళ్లు నిజం. నేను ముప్పై ఏళ్లు ఈ పాఠాలే చెప్పి రిటైరయ్యాను. ఇప్పటి సిలబస్‌లో ఏడాదికి 1200 గంటలు, అందులో 840 ప్రాక్టికల్. హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. కాబట్టి పండగలకి వచ్చిన పిల్లల్ని "ఇంకో వారం ఉండరా" అని ఆపకండి. మన వైపు పిల్లలు మానేసేది వినాయక చవితికి వెళ్లినప్పుడో, సంక్రాంతికి వెళ్లినప్పుడో.

లెక్కల్లో తప్పిన పిల్లల గురించి ఒక మాట. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. దశాంశాలంటే భయపడేవాళ్లు. వెర్నియర్ చేతికిచ్చి చూపించేవాణ్ణి. పైన 49 మిల్లీమీటర్లు, కింద అదే పొడవుని 50 భాగాలు చేశారు. అంటే కింది ఒక్కో భాగం పైన ఉన్న మిల్లీమీటరు కంటే ఎంత చిన్నది? 0.02 మిల్లీమీటరు. మొదటి వారం నోరెళ్లబెడతారు. రెండు గీతలు ఎక్కడ కలిశాయో కళ్లారా చూసి, తాము రుద్దిన ముక్క కొలత తామే చెప్పిన రోజున ఆ భయం పోతుంది. "సార్, ఇది లెక్కే కదా" అని ఒక కుర్రాడు ఆశ్చర్యపోయి అడిగాడు. ఆమదాలవలస నుంచి రోజూ వచ్చేవాడు. ఆ మొహం నాకింకా గుర్తుంది.

చీపురుపల్లి_నాన్న
మాస్టారూ, మీకు దండం. మావాడిదీ అచ్చం అదే. మొన్న మా బావగారి ఇంట్లో తలుపు గడియ కలవకపోతే కొలిచి, "మూడు మిల్లీమీటర్లు దిగింది, మడతబందు అరిగింది" అని తనే చెప్పాడు. లెక్కల్లో తప్పాడని అందరిలో అన్నది ఆ బావగారే. ఈసారి మాత్రం వాడి భుజం తట్టారు.

నాగావళి గారూ, మీ తమ్ముణ్ణి పిల్లాడితో సహా వెళ్లి చూసి రమ్మనండి. హాస్టల్‌కి ట్రంకు పెట్టె, తాళం, రెండు జతల ఖాకీ బట్టలు, గట్టి బూట్లు కావాలి. బూట్ల దగ్గర మాత్రం డబ్బులు చూసుకోవద్దు. మావాడి కాలి మీద ఒకసారి ముక్క జారి పడింది, బూటు వల్లే వేలు దక్కింది.

పలాస_జీడితోట
అన్నయ్యా, దీపావళికి మీవాడు తెచ్చిన ఆ ఇనప ముక్క ఇంకా ఉందా?

చీపురుపల్లి_నాన్న
ఉందమ్మా. వాళ్లమ్మ దేవుడి గూట్లో పెట్టింది. తుప్పు పట్టకుండా శుక్రవారం శుక్రవారం కొబ్బరి నూనె రాస్తోంది. మొన్న వచ్చినప్పుడు వాడు చూసి, "కొబ్బరి నూనె కాదమ్మా, మెషీన్ ఆయిల్ రాయాలి" అని చిన్న సీసా కొనిచ్చి వెళ్లాడు.