శాపంగా వచ్చిన ఆత్మా, అడిగి తెచ్చుకున్న ఆత్మా: బఫీని నిజంగా ప్రేమించింది ఏంజెలా, స్పైకా?

వెన్నెల_గుంటూరు:
1997 నుంచి 2003 దాకా వచ్చిన 'బఫీ ది వ్యాంపైర్ స్లేయర్' 144 ఎపిసోడ్లూ మళ్ళీ చూశాను. చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. రక్తపిశాచాల్ని వేటాడటం బఫీ పని. ఆమె మనసిచ్చిన ఏంజెల్ రెండొందల ఏళ్ళు దాటిన వ్యాంపైర్. 1898లో ఒక రోమా అమ్మాయిని చంపితే, చేసిన పాపాలు తలుచుకుని కుమిలిపోవాలని ఆ తెగవాళ్ళు శపించి ఆత్మను వెనక్కిచ్చారు. ఒక్క క్షణం నిజమైన సుఖం దొరికిందా, ఆ ఆత్మ పోతుంది. బఫీ పదిహేడో పుట్టినరోజు రాత్రి పోయింది కూడా. తర్వాతివాడు స్పైక్, వాడూ వ్యాంపైరే. వాడు తనంతట తానే ఆఫ్రికా వెళ్ళి, పరీక్షలకు ఓర్చి, ఆత్మ తెచ్చుకున్నాడు.

నా ఓటు స్పైక్‌కే. ఆత్మ లేనప్పుడే ప్రేమించాడు కదా! గ్లోరీ అనే దుష్టదేవత చిత్రహింసలు పెట్టినా బఫీ చెల్లెలి గుట్టు విప్పలేదు. చనిపోయిన బఫీ తిరిగొచ్చి, నేను పోయి ఎన్నాళ్ళయిందని అడిగితే, నిన్నటికి 147 రోజులని తడుముకోకుండా చెప్పాడు. రోజులు లెక్కపెట్టుకుంటూ బతికినవాడు తప్ప అలా ఎవరు చెప్తారు?

రాత్రిరైలు:
ఆఫ్రికాకి ఎందుకు పోయిండో అది గూడ చెప్పాలె గద అక్కా. ఆరో సీజన్ల బాత్రూంల ఆమె వద్దు వద్దంటున్నా మీద పడ్డడు. ఆ సీన్ వచ్చినప్పుడు మా చెల్లె లేచి లోపలికి పోయింది, మళ్ళ ఆ సీరియల్ ముట్టలే. అంతకుముందు మంచిగున్నడంటే మెదడుల చిప్ పెట్టిన్రు కాబట్టి, మనుషుల్ని కొట్టబోతే వానికే తల పగిలేది. దాన్ని ప్రేమ అనలేను.

తాటిముంజె:
వెన్నెల గారూ, అసలు చిక్కు 'ఆత్మ' అన్న మాటలో ఉందండి. మనకు దయ్యమంటే ఒళ్ళు పోయి మిగిలిన ఆత్మ. ఇక్కడ వ్యాంపైరంటే ఆత్మ పోయి మిగిలిన ఒళ్ళు, అందులో భూతం చేరుతుంది. మా అమ్మకి ఈ కథ చెప్తుంటే "ఆత్మే లేకపోతే వాడు కదిలేదెట్లారా?" అంది. "అంతరాత్మ అనుకోమ్మా" అన్నాక ఆమెకు అందింది.

అలా అనుకుని ఏంజెల్‌ని చూడండి. అంతరాత్మ పోయిన మర్నాడే బఫీని హేళన చేశాడు. బఫీ స్కూల్లో టీచరైన జెన్నీ మెడ విరిచి, ఆమెను ప్రేమించిన బఫీ గురువు జైల్స్ మంచం మీదే శవాన్ని పడుకోబెట్టాడు. పాపం, మెట్ల మీద గులాబీలు చూసి ఆమే పిలిచిందనుకుని జైల్స్ నవ్వుకుంటూ ఎక్కుతాడు. అంటే ఏంజెల్ ప్రేమ అంతరాత్మతో వచ్చి, దాంతోనే పోయింది. స్పైక్ ప్రేమ అది లేకుండానే నిలబడింది. కానీ అంతరాత్మ లేని ప్రేమ ఏం చేస్తుందో ఆ బాత్రూంలో చూశాం. తనలో లేనిదేమిటో వాడికి తెలిసొచ్చింది అప్పుడే. నేనూ స్పైక్ వైపే, ఆ రోజు తర్వాతి స్పైక్ వైపు మాత్రమే.

గోదారిగట్టు:
ఏంజెల్‌ని మరీ తీసిపారేయకండి. తనతో ఉంటే ఆ పిల్లకి పగటి వెలుతురూ పిల్లాపాపలూ ఉండవని ఊరొదిలి వెళ్ళాడు. రెండో సీజన్ చివర ఆత్మ తిరిగొచ్చిన మరుక్షణం, లోకాన్ని కాపాడటానికి బఫీ అతన్నే పొడవాల్సి వస్తుంది. కళ్ళు మూసుకోమని ముద్దు పెట్టి, కత్తి దించుతుంది. ఏం జరిగిందో తెలియక చెయ్యి చాస్తాడు చూడండి, ఆ చెయ్యి నేనింకా మర్చిపోలేదు.

వెన్నెల_గుంటూరు:
వెళ్ళిపోవాలని నిర్ణయించింది అతను, వెళ్ళమని అడిగింది బఫీ వాళ్ళమ్మ. మరి బఫీని ఎవరడిగారండీ?

రాత్రిరైలు:
చివరి ఎపిసోడ్ రాత్రి మళ్ళ చూసిన. అంతా కూలుతుంటే బఫీ, స్పైక్ ఇద్దరి చేతులు కలిసి మంట అంటుకుంటది. ప్రేమిస్తున్నా అని ఆమె అంటే, లేదు, అన్నందుకు మాత్రం థాంక్స్ అంటడు. ఆమె నోటితోని ఆ మాట వినాలనే గద వాడు అన్నేండ్లు తిరిగింది! అయినా ఆసరా చేసుకోలే, ఆమెను బయటికి పంపి తను కాలిపోయిండు. ఆ ఒక్క కాడ నా కోపం తగ్గింది. మాఫీ చేసిన అని మాత్రం అనను.