కీర్తన 46:10లో ‘ఊరకుండుడి’ అంటే ఏమీ చెయ్యకపోవడమా?

ప్రశ్న (మల్కాజ్‌గిరి): “ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి” – వాగ్దాన కార్డుల (బైబిల్ వచనం అచ్చువేసి ఇచ్చే కార్డులు) మీద, గోడ క్యాలెండర్ల మీద తరచూ కనబడే మాట. కృపలో విశ్రాంతి అనగానే ప్రసంగాల్లో దీన్నే ఎత్తుతారు, నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదని. ‘ఊరక’లో అంత అర్థం ఉందా?

జవాబు (బోయినపల్లి): ‘ఊరక’కు మౌనంగా, పనిలేకుండా, కారణం లేకుండా, డబ్బు పుచ్చుకోకుండా అనే అర్థాలన్నీ ఉన్నాయండీ. హీబ్రూ మాట ‘హర్పూ’. ధాతువు ‘రాఫా’, సడలిపోవడం. హర్పూ అంటే ‘పట్టు సడలించండి, వదలండి’. ఇదే క్రియ ఏకవచనంలో కీర్తన 37:8లో ఉంది, అక్కడ మన పాత తెలుగు బైబిల్ అనువాదమే “కోపము మానుము” అంది. నన్నడిగితే 46లోనూ ‘మానుడి’ అనే ఉండాల్సింది. పై వచనంలో దేవుడు “యుద్ధములు మాన్పువాడు”, విల్లు విరిచేవాడు. ఆయన మాన్పుతున్నాడు, మీరు మానండి. (హీబ్రూలో ఆ రెండు క్రియలకూ చుట్టరికం లేదు, తెలుగులో కలిసొచ్చింది.) వెంటనే “అన్యజనులలో నేను మహోన్నతుడనగుదును” అని వస్తుంది. ఆయుధం పట్టిన జనాలకూ ఈ ఆజ్ఞ తగులుతుందన్నమాట.

ఉప్పల్ నుంచి: అన్నా, మా దిక్కు ‘ఊకో’ అంటం గదా. కొట్లాడే పోరగాళ్లనూ ఊకో అంటం, ఏడ్సే పిల్లనూ ఊకో అంటం. పని బంద్ వెట్టి కూసొమ్మని కాదు, ఇగ చాలు అని. గట్ల సూస్తే ‘ఊరకుండుడి’ మంచిగనే కుదిరింది.

బోయినపల్లి: కుదిరింది తమ్ముడూ, ఒప్పుకుంటా. గ్రాంథికం చదివేవాళ్లకే చిక్కు.

ప్రశ్న (మల్కాజ్‌గిరి): నిర్గమ 14:14లో “మీరు ఊరకయే యుండవలెను” కూడా ఇదే మాటా?

బోయినపల్లి: కాదు. అక్కడిది ‘తహరీషూన్’, నోరు మూసుకుని ఉండడం. 11, 12 వచనాల్లో జనం మోషే మీద విరుచుకుపడ్డారు కదా, దానికి జవాబు. 15వ వచనంలోనే “సాగిపోవుడి” అని ఉంది. కార్డు మాత్రం 14 దగ్గర ఆగిపోతుంది!

తార్నాక నుంచి: ప్రయాసే తప్పనుకోకూడదు. మత్తయి 11:28లో “ప్రయాసపడి”, 1 కొరింథీ 15:10లో పౌలు “ప్రయాసపడితిని” – గ్రీకులో రెండూ ‘కొపియావో’యే. పౌలు వెంటనే, ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న కృపయే అంటాడు. మత్తయిలోనూ విశ్రాంతి ఇస్తానన్న మరుక్షణమే “నా కాడి” ఎత్తుకొమ్మన్నాడు. మానాల్సింది బేరం. 21 రోజుల ఉపవాసం పెట్టుకుని తొమ్మిదో రోజు తప్పితే, ఇక దేవుడు వినడని భయం పట్టుకుందంటే అక్కడ ప్రార్థన పోయి ఖాతా మొదలైనట్టే. ఉపవాసం ఉంచుకోండి, ఆ లెక్క మానండి. ఎక్కువమంది దీన్నే తిరగేసి, లెక్క ఉంచుకుని ఉపవాసం మానేస్తున్నారు.

ఉప్పల్ నుంచి: ఊరికే అంటే ఫ్రీ అని గూడ గదా. కృప ఊరికే వస్తది. ఈ వచనానికి గది లంకె వెట్టొచ్చా?

బోయినపల్లి: ఈ వచనానికి వద్దు, హర్పూకు ఆ అర్థం లేదు. రోమా 3:24కి పెట్టు. అక్కడ “ఉచితముగా” అన్నది గ్రీకులో ‘డోరెయాన్’. యోహాను 15:25లో “నిర్హేతుకముగా” ద్వేషించిరి అన్నచోటా అదే మాట. డబ్బు లేకుండా, కారణం లేకుండా – రెండూ దానికి ఉన్నాయి, అచ్చం మన ‘ఊరక’లాగే.